ఆరంగుళాల అద్దం, దాని పక్కన నడిచిన లాగ్‌బుక్: ప్రాజెక్టు డైరీ

టెలిస్కోప్ అద్దాన్ని చేత్తో అరగదీసి తయారుచేస్తున్నానంటే గాజు ఎంత మందం, ఏ పొడి వాడుతున్నావు, ఎప్పటికి అవుతుంది అనే అందరూ అడుగుతారు. అవన్నీ చెప్తాను గానీ ఈ డైరీలో ఎక్కువ చోటు అద్దం పక్కన నడుస్తున్న లాగ్‌బుక్‌కే ఇస్తున్నాను. ఇప్పటిదాకా ఈ పనిలో నన్ను గట్టెక్కించింది ఆ పుస్తకమే. లాగ్‌బుక్ ఎలా రాయాలో చెప్పేవాళ్లు సాధారణంగా గళ్లు గీసి చూపించి వదిలేస్తారు, ఏ గడి ఎప్పుడు అక్కరకొస్తుందో చెప్పరు. అది పని నడుస్తుండగా చూస్తేనే అర్థమవుతుంది.

ముందు లెక్క

అద్దం వెడల్పు 150 మిల్లీమీటర్లు, నాభ్యంతరం (అద్దం నుంచి వెలుగు ఒకచోట చేరే దూరం) 1200, అంటే వెడల్పుకి ఎనిమిదింతలు, ఎఫ్/8. మొదటి అద్దం చేసేవాళ్లకి అనువైన కొలత ఇది. చదునుగా ఉన్న గాజు మధ్యలో 1.17 మిల్లీమీటర్ల లోతు గుంట పడాలి. అక్కడివరకూ ఓపిక ఉంటే చాలు. అసలు కష్టం చివర్లో వస్తుంది. గోళంలోంచి కోసిన ముక్కలా ఉన్న ఆ గుంటని పారాబొలాగా (తారల వెలుగంతా ఒకే బిందువుకి చేర్చే వంపుగా) మార్చాలి, ఈ రెండు ఆకారాలకీ అంచు దగ్గర ఉండే తేడా మైక్రాన్‌లో (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) మూడో వంతు కూడా ఉండదు. కంటికి కనపడదు, వేలితో తడిమితే తెలీదు. ఇప్పుడు అద్దం ఏ ఆకారంలో ఉందో ఊహించాలంటే నిన్న ఏ ఆకారంలో ఉంది, ఆ తర్వాత ఏ స్ట్రోక్ (గాజుని ముందుకీ వెనక్కీ తోసే తీరు) ఎంతసేపు వేశాం అన్నది కూడుకుంటూ రావాల్సిందే.

నడిసముద్రంలో ఓడ నడిపేవాళ్లదీ ఇదే పరిస్థితి. లాగ్ అంటే మొదట్లో ఒక చెక్క ముక్క. దాన్ని తాడుకి కట్టి ఓడ వెనక నీళ్లలోకి వదిలేవాళ్లు. చెక్క దాదాపు వేసినచోటే నిలబడుతుంది, ఓడ ముందుకెళ్లేకొద్దీ తాడు విడుతుంది. తాడుకి 47 అడుగుల 3 అంగుళాలకి ఒకటి చొప్పున ముడులు, చేతిలో 28 సెకన్ల ఇసుక గడియారం. ఇసుక అయిపోయేలోపు ఎన్ని ముడులు జారితే ఓడ వేగం అన్ని నాట్లు. (47 అడుగుల 3 అంగుళాలని 28 సెకన్లతో భాగించి గంటకి లెక్కేయండి, ఒక నాటికల్ మైలు అంటే 1852 మీటర్లు దాదాపు సరిగ్గా వస్తుంది. నాకు ఈ లెక్క చేసినప్పుడల్లా భలే ముచ్చటేస్తుంది.) ఆ వేగం, దిక్సూచి చూపే దిక్కు, గాలి వాలు, ఇవన్నీ వరసగా పుస్తకంలో ఎక్కేవి. నిన్న మధ్యాహ్నం ఉన్నచోటు నుంచి ఒక్కో గంటా కూడుకుంటూ వస్తేనే ఓడ ఇప్పుడు ఎక్కడుందో తెలిసేది. మధ్యలో ఒక గంట ఖాళీ వదిలేస్తే అక్కణ్నుంచి వేసే లెక్కంతా అనుమానమే. అందుకే లాగ్‌బుక్‌ని నేను పనిముట్ల జాబితాలోనే రాసుకున్నాను, పొడి డబ్బాలూ, సన్న రేకులతో సందు కొలిచే ఫీలర్ గేజ్ పక్కన.

మొదటి పేజీ

మొదటి పేజీలో ఎప్పటికీ మారనివి రాశాను. గాజు రకం బోరోసిలికేట్, దాని వ్యాకోచ గుణకం డిగ్రీకి 3.3 × 10⁻⁶. మామూలు కిటికీ గాజుదైతే 9 × 10⁻⁶ దాకా ఉంటుంది, అంటే వేడికి దాదాపు మూడింతలు ఎక్కువ సాగుతుంది. ఈ ఒక్క లైను తర్వాత ఎంత ముఖ్యమైందో కింద చెప్తాను. గాజు మందం, వెనకవైపు గుర్తు ఎక్కడ పెట్టాను, ఆ గుర్తుని ఏ దిక్కుకి పెట్టి కొలుస్తాను, ఇవి కూడా అక్కడే ఉన్నాయి.

తర్వాత ప్రతి ఎడమ పేజీలో గళ్లు: తేదీ, మొదలుపెట్టిన టైమ్, ఆపిన టైమ్, పొడి నంబరు, పైన ఏది ఉంది (అద్దమా, దాన్ని అరగదీసే రెండో గాజు పలక, అంటే టూలా), ఏ రకం స్ట్రోక్, ఎన్నిసార్లు పొడి వేశాం, గది వేడి, గుంట లోతు. కుడి పేజీలో గళ్లేమీ లేవు, అక్కడ చూసింది చూసినట్టు మాటల్లో రాస్తాను. రెండూ కావాలి. గళ్లు లేకపోతే రోజుకో రకంగా రాస్తాం, అప్పుడు రెండు రోజుల్ని పక్కపక్కన పెట్టి పోల్చలేం. ఉత్త గళ్లే ఉంటే గడి లేని విషయం ఎంత పెద్దదైనా పుస్తకంలోకి రాదు. గ్రైండింగ్‌లో ఉన్నట్టుండి చప్పుడు మారింది అనుకోండి, దానికి గడి ఏం పెడతాం?

పేజీలకి ముందే నంబర్లు వేశాను, పేజీ చించకూడదని నియమం. రాయడం పెన్నుతోనే. దిద్దాల్సి వస్తే ఒకే ఒక గీత, కింద ఉన్న అంకె చదవడానికి వీలుగా, పక్కన తేదీ. ఇది చాదస్తంలా కనిపించొచ్చు గానీ కొట్టేసిన అంకె కూడా ఒక కొలతే, ఎందుకు కొట్టేశామో తెలియాలంటే అది అక్కడ కనపడాలి. ఈ పద్ధతి ఎంత దూరం పోతుందో చెప్పడానికి గోర్డన్ గౌల్డ్ కథ ఒకటుంది. 1957 నవంబర్‌లో లేజర్ ఆలోచనని నోటు పుస్తకంలో రాసుకుని నోటరీ చేత సంతకం, తేదీ వేయించాడు. అప్పట్లో అమెరికాలో పేటెంట్ ముందు కనిపెట్టినవాడిది. పేటెంట్ల కోసం ఏళ్ల తరబడి పోట్లాడి 1977లో మొదటిది సంపాదించినప్పుడు ఆ పుస్తకమే ఆయనకి పెద్ద అండ. ఆ దేశంలో 2013 మార్చి నుంచి ముందు దరఖాస్తు చేసినవాడికే అని రూలు మారింది, అయినా ల్యాబుల్లో పేజీ నంబర్లూ తేదీలూ సంతకాలూ పోలేదు, పోకూడదు కూడా.

గరుకు పొడి దశ

80 నంబరు సిలికాన్ కార్బైడ్ పొడితో మొదలు (నంబరు పెరిగేకొద్దీ పొడి సన్నబడుతుంది). అద్దం పైన, టూలు కింద. మధ్యలో చెంచాడు పొడి, నాలుగు చుక్కల నీళ్లు, ముందుకీ వెనక్కీ తోయడం, అద్దాన్ని కొంచెం తిప్పడం, మనం బల్ల చుట్టూ ఒక అడుగు జరగడం. పైనున్న గాజు మధ్యలో గుంట పడుతుంది, కిందున్నది అంచుల్లో అరుగుతుంది. ఎంత లోతు పోయామో చూడాలంటే అద్దం మీద అడ్డంగా స్టీలు స్కేలు పెట్టి మధ్యలో ఫీలర్ గేజ్ రేకులు దూర్చి చూడ్డమే.

ఇక్కడే ఒక అలవాటు మొదలుపెట్టాను: కొలవబోయే ముందు ఎంత వస్తుందనుకుంటున్నానో కుడి పేజీలో రాయడం. కొలిచాక రాస్తే ఊహ ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది, మనసు అలా సర్దుకుపోతుంది. ముందు రాసి పెట్టుకుంటే మాత్రం పొడి ఒక్కో విడతకి గాజుని ఎంత తింటోందో నిజంగా తెలుస్తుంది. నా ఊహకీ కొలతకీ తేడా తగ్గుతూ రావడం పేజీలు తిప్పితే కనిపిస్తోంది, అది చూసే 1.17కి కాస్త ముందే ఆపగలిగాను. సన్న పొడులు కూడా కొంత తింటాయి కాబట్టి ముందే ఆపాలి.

పుస్తకాన్ని ఎక్కడ ఉంచాలన్నది అనుకున్నదానికన్నా పెద్ద ప్రశ్న. 80 పొడి రేణువు ఒక్కటి పుస్తకం మడతలో దాక్కుని 600 దశలో బల్ల మీద రాలిందంటే అద్దం నిండా గీతలే. పొడి అంటిన తడి చేతులతో పుస్తకం ముట్టుకోవడం కుదరదు. అందుకని బల్ల దగ్గర ఒక చిన్న పలక పెట్టాను, పని జరుగుతున్నప్పుడు టైమూ పొడి విడతలూ దాని మీద, చేతులు కడుక్కున్నాక పక్క గదిలో ఉన్న పుస్తకంలోకి. ఓడల్లోనూ ఇలాగే చేసేవాళ్లు, డెక్ మీద పలక, తర్వాత పుస్తకం. 1872 డిసెంబర్‌లో మేరీ సెలెస్ట్ అనే ఓడ మనుషులెవరూ లేకుండా అట్లాంటిక్‌లో తేలుతూ దొరికినప్పుడు, ఆఖరి కబురు చెప్పింది పలకే. నవంబర్ 25 ఉదయం 8 గంటలకి ఓడ అజోర్స్ దీవుల్లోని శాంటా మరియా దగ్గర ఉందని దాని మీద రాసి ఉంది. పలక మీద నుంచి పుస్తకంలోకి ఎక్కించేటప్పుడు నేను పెట్టుకున్న షరతు ఒకటే, అందం కోసం ఏదీ మార్చకూడదు. పలక మీద '31 నిమిషాలు' అని ఉంటే పుస్తకంలోనూ 31, అరగంట కాదు.

సన్న పొడులు

120, 220, 400, 600, ఆ తర్వాత అల్యూమినియం ఆక్సైడ్. దీని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ప్రతి దశలోనూ ముందు పొడి చేసిన గుంతలు పూర్తిగా పోయాయా అని భూతద్దంతో చూడాలి, మధ్యలో, సగంలో, అంచులో. అద్దం మీద పెన్సిల్‌తో గళ్లు గీసి పొడి లేకుండా తడి టూలు మీద నెమ్మదిగా రెండు మూడు స్ట్రోకులు వేస్తే గీతలు అన్నిచోట్లా ఒకేలా చెరగాలి, ఎక్కడైనా మిగిలితే అక్కడ రెండు గాజులూ సరిగా తగలట్లేదని అర్థం. మిగిలిన గీతల బొమ్మ కుడి పేజీలో వేసుకున్నాను, వాక్యాలకన్నా బొమ్మ నయం.

పిచ్, పాలిషింగ్, ఒక చిక్కు

పాలిషింగ్‌కి గాజు టూలు పనికిరాదు, దాని మీద పిచ్ (తారులాంటి పదార్థం) కరిగించి పోసి చతురస్రాలుగా కాలువలు కోసి, ఆ మెత్తటి ముఖం మీద సీరియం ఆక్సైడ్ అనే పాలిష్ పొడి వేసి తోమాలి. పిచ్ చూడ్డానికి గట్టిగా ఉంటుంది, నిజానికి చాలా నెమ్మదిగా పారుతూనే ఉంటుంది, అందుకే అద్దం ఆకారాన్ని పట్టుకుంటుంది. గది కొంచెం వేడెక్కితే మెత్తబడిపోతుంది, చల్లబడితే రాయిలా మారి గీతలు పెడుతుంది. అందువల్ల గది వేడి గడి ఈ దశలో తప్పనిసరి.

అద్దం మెరవడం మొదలయ్యాక ఫూకో పరీక్ష. లియాన్ ఫూకో 1858లో కనిపెట్టిన ఈ పద్ధతికి ఒక సన్నటి దీపం, ఒక బ్లేడు చాలు. అద్దానికి 2400 మిల్లీమీటర్ల దూరంలో, అంటే నాభ్యంతరానికి రెండింతల దూరంలో ఉండే వక్రతా కేంద్రం దగ్గర, తిరిగొచ్చే వెలుగుని బ్లేడు అంచుతో కోస్తే అద్దం మీది ఎత్తుపల్లాలు నీడలుగా తేలతాయి. మైక్రాన్‌లో చిన్న భాగం కూడా గుట్టలా కనిపిస్తుంది, మొదటిసారి చూసినప్పుడు ఎవరికైనా ఒళ్లు ఝల్లుమంటుంది.

చిక్కేమిటంటే, అద్దాన్ని అసలు ముట్టుకోకపోయినా ఒకరోజు సాయంత్రం చూసిన ఆకారం, మర్నాడు పొద్దున చూసిన ఆకారం వేరుగా ఉన్నాయి. సాయంత్రం అంచు వాలినట్టు కనిపించింది, పొద్దున్నే అంచు బాగానే ఉంది. మళ్లీ ఇంకో సాయంత్రం అదే తంతు. అంచు వాలడం అనేది అద్దాలు చేసేవాళ్లందరికీ పెద్ద టెన్షన్, అది ఉంటే మళ్లీ వెనక్కి వెళ్లి సన్న పొడి నుంచి మొదలుపెట్టాల్సి రావచ్చు. స్ట్రోక్ మార్చాలా, పిచ్ కత్తిరించాలా?

ఏమీ మార్చకుండా ముందు లాగ్ ముందేసుకుని కూర్చున్నాను. ఎడమ పేజీలో పాలిషింగ్ ఆపిన టైమ్ ఉంది, పరీక్ష మొదలుపెట్టిన టైమ్ ఉంది. రెంటికీ మధ్య ఎంతసేపు గడిచిందో పక్కన పెన్సిల్‌తో వేసుకుంటూ పోతే అంతా విడిపోయింది. కడిగిన వెంటనే పరీక్షించిన ప్రతిసారీ అంచు వాలి ఉంది, రాత్రంతా ఆగి పరీక్షించిన ప్రతిసారీ అంచు బాగుంది. తోమినప్పుడు రాపిడికి గాజు వేడెక్కుతుంది, చన్నీళ్లతో కడిగితే అంచు ముందు చల్లబడుతుంది, మధ్యలో వేడి మిగులుతుంది. మొదటి పేజీలో రాసిన 3.3 గుర్తుందా, ఆ చిన్న అంకె కూడా ఈ పరీక్షకి పెద్దదే. రుజువు కోసం చల్లారిన అద్దం మీద బొటనవేలు కాసేపు ఆనించి చూశాను: వేలు పెట్టినచోట గుబ్బ లేచింది, చూస్తుండగానే మెల్లగా అణిగిపోయింది. దాంతో అద్దం అంచుకి ఏమీ కాలేదని తేలింది, ఒక్క స్ట్రోక్ కూడా మార్చలేదు.

టైమ్ రాసే గడిని నేను ఈ పని కోసం పెట్టలేదు, ఊరికే ఎంతసేపు పనిచేశానో తెలుస్తుందని పెట్టాను. నౌకాదళ అధికారి మథ్యూ మౌరీ చేసింది తల్చుకుంటే ఇదే పెద్ద ఎత్తున కనిపిస్తుంది. 1840లలో అమెరికా నౌకాదళం దగ్గర మూలన పడున్న పాత ఓడల లాగ్‌బుక్‌లన్నీ తెరిపించి, ఏ నెలలో ఏ చోట గాలి ఎటు వీచింది, ప్రవాహం ఎటు లాగింది అన్నవి ఏరి పటాలు గీశాడు, 1847లో ఉత్తర అట్లాంటిక్‌ది వచ్చింది. ఆ గాలి వివరాలు రాసిన నావికులు తమ ఓడ కోసం రాసుకున్నారు, తర్వాతి ఓడల ప్రయాణం వాటి వల్ల తగ్గింది. 2010లో ఓల్డ్ వెదర్ అనే ప్రాజెక్టు మొదలైనప్పుడు మొదటి ప్రపంచయుద్ధ కాలం నాటి బ్రిటిష్ యుద్ధనౌకల లాగ్‌లలోంచి వాతావరణం అంకెల్ని వాలంటీర్లు ఒక్కో పేజీ చూసి ఎక్కించారు, వాతావరణ శాస్త్రవేత్తలకి ఇవ్వడానికి. డ్యూటీలో ఉన్న అధికారి బారోమీటర్ చూసి అంకె వేసినప్పుడు వందేళ్ల తర్వాత దాన్ని ఎవరు వాడతారో ఆయనకెలా తెలుస్తుంది? అంకె సరిగ్గా, టైముతో, యూనిట్‌తో వేశాడు, అది సరిపోయింది.

రీడింగులు

ఇప్పుడు పారాబొలా చేసే దశలో ఉన్నాను. అట్టకి కిటికీలు కోసి మాస్క్ చేసుకుని అద్దం ముందు పెట్టి ఒక్కో వలయానికీ బ్లేడు ఎక్కడ నిలిచిందో మైక్రోమీటర్‌లో చదవాలి. నా అమరికలో దీపం కదలదు, బ్లేడు ఒక్కటే కదులుతుంది, కాబట్టి మధ్యకీ అంచుకీ మధ్య సిద్ధాంతం ప్రకారం 2.34 మిల్లీమీటర్లు తేడా రావాలి. దీపమూ బ్లేడూ కలిసి కదిలే అమరిక అయితే సరిగ్గా సగం, 1.17. అందుకే రీడింగుల పేజీ మీద ప్రతిసారీ 'దీపం స్థిరం' అని రాస్తాను. ఆ రెండు మాటలు లేకపోతే ఈ అంకెలు చూసినవాళ్లు అద్దాన్ని ఇంకా సగమే అరగదీశాననో, రెండింతలు అరగదీశాననో అనుకునే అవకాశం ఉంది.

కన్ను బ్లేడు దగ్గర, చీకట్లో, నేను రాయలేను. తమ్ముడు వెనక చిన్న ఎర్ర లైటుతో పుస్తకం పట్టుకుని కూర్చుంటాడు.

"అన్నా, ఈ అంకె మిగతావాటితో కలవట్లేదు, తీసేయనా?"

"తీసేయకురా. ఉన్నదున్నట్టు రాసి పక్కన చుక్క పెట్టు."

"పోనీ ఇందాకటిది ఎంతో చెప్పనా?"

"వద్దు వద్దు, చెప్పావంటే చెయ్యి అక్కడికే పోతుంది."

ఈ ఆఖరి మాట నేను చాలా గట్టిగా నమ్ముతాను. ముందు రీడింగు తెలిస్తే నీడలు సమానమయ్యాయని మనసు ముందే ఒప్పేసుకుంటుంది. చదివేవాళ్లు వేరు, రాసేవాళ్లు వేరు అయితే ఆ గోల ఉండదు. చుక్క పెట్టిన అంకెలు సగటులో కలపాలా వద్దా అన్నది పొద్దున వెలుతురులో తేలుస్తాం, చీకట్లో ఎప్పుడూ తేల్చం. సగటు మాత్రమే రాసి విడి అంకెలు పారేయడం అస్సలు లేదు, ఎందుకంటే విడి అంకెలు ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయో చూస్తేనే ఆ సగటుని ఎంత నమ్మొచ్చో తెలుస్తుంది.

విలియం హెర్షెల్, కరొలైన్ హెర్షెల్ అన్నాచెల్లెళ్లు ఆకాశాన్ని పట్టీలు పట్టీలుగా జల్లెడపట్టినప్పుడు ఇలాగే పని పంచుకున్నారు, ఆయన టెలిస్కోప్ దగ్గరనుంచి కేకేసి చెప్పడం, ఆమె గడియారం చూసి రాయడం. రెండువేల ఐదొందల నెబ్యులాలు (ఆకాశంలో మబ్బుల్లా కనిపించే మసక వెలుగులు), తారా సమూహాల జాబితాలు అలా వచ్చినవే. అంతకుముందు 1781 మార్చి 13న, తను చేసుకున్న 6.2 అంగుళాల లోహపు అద్దంతో (నా అద్దం దాదాపు అంతే, అందుకే ఈ కథంటే నాకు ఇష్టం) హెర్షెల్ ఒక వింత వస్తువుని చూసి, అది నెబ్యులా లాంటి తారో తోకచుక్కో అని రాసుకున్నాడు. 17న మళ్లీ చూసి అది చోటు మారిందని రాశాడు. అదే యురేనస్. మొదటి రోజు చోటు రాయకపోతే నాలుగు రోజుల తర్వాత అది కదిలిందని ఎలా తెలుస్తుంది?

ఇప్పటి పరిస్థితి, తర్వాతి పుస్తకం

మధ్య వలయాలు దారిలో పడ్డాయి. అంచు పక్కనున్న వలయం ఇంకా వెనకబడి ఉంది, దాని మీద పొడవు తగ్గించిన స్ట్రోకులు కొద్దికొద్దిగా వేసి, రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున కొలుస్తున్నాను. తొందర లేదు, ఎక్కువ తోమేస్తే వెనక్కి తేవడం ఇంకా కష్టం.

ఈలోగా ఆకాశం చూసేటప్పటి లాగ్‌కి రెండో పుస్తకం గీశాను. టైమ్ యూటీసీలోనే (ప్రపంచమంతటికీ ఒకటే అయిన టైమ్), లోకల్ టైమ్ వేస్తే వేరే చోటివాళ్ల రాతతో పోల్చేటప్పుడు గందరగోళం. ఐపీస్, మాగ్నిఫికేషన్, ఆకాశం ఎంత నిలకడగా ఉంది, చంద్రుడున్నాడా, బయట వేడి, అద్దం బయటపెట్టి ఎంతసేపయింది (ఈ గడి పాలిషింగ్ నేర్పింది). సగం పేజీ గుండ్రటి గీత, అందులో బొమ్మ వేయడానికి.

ఆ గుండ్రంలో వెతుకుతున్న వస్తువే కాకుండా పక్కనున్న ప్రతి చుక్కా వేయాలని తమ్ముడికీ చెప్పాను. గెలీలియో 1612 డిసెంబర్ 28న గురుగ్రహం చందమామల్ని నోటు పుస్తకంలో గుర్తిస్తూ పక్కనే కనిపించిన ఒక తారనీ వేశాడు, 1613 జనవరి 28న మళ్లీ వేసి, అంతకుముందు రాత్రి కన్నా దానికీ పక్కనున్న మరో తారకీ మధ్య దూరం మారినట్టుందని రాశాడు. ఆ చుక్క నెప్ట్యూన్. దాన్ని గ్రహంగా కనిపెట్టింది 1846లో. గెలీలియో పుస్తకంలో అది ఉందని 1980లో స్టిల్‌మన్ డ్రేక్, చార్లెస్ కోవల్ అనే ఇద్దరు గుర్తుపట్టారు, ఆయన దూరాల్ని అంత జాగ్రత్తగా వేశాడు కాబట్టి.

అంచు వలయం రీడింగులు దారికొచ్చాక విడి అంకెలు, చుక్కలు పెట్టినవాటితో సహా, తర్వాతి ఎంట్రీలో మొత్తం పెడతాను. ఎవరైనా ఇదే కొలత అద్దం చేసి ఉంటే మీ రీడింగులతో పాటు దీపం స్థిరమా కదిలేదా, అద్దం ఎంతసేపు చల్లారాక కొలిచారు అన్నవి కూడా చెప్పండి, అవి లేకుండా పోల్చుకోలేం.